ఆ నేల మీద నడవొచ్చా?

పోయిన సంచికలో జోర్డాన్ దేశంలో మదబా అనే ఊరి చర్చిలో నేల మీద చిన్న చిన్న రాతి ముక్కలతో, అంటే మొజాయిక్‌తో, వేసిన పాత దేశపటం (మ్యాప్) గురించి ఒక్క పేరా రాశాను. దానికి ఇన్ని ఉత్తరాలు వస్తాయని నేను అనుకోలేదు. అందుకే ఈసారి మామూలుగా వచ్చే పెన్షన్ ప్రశ్నలు, పట్టా పాసు పుస్తకాల ప్రశ్నలు వచ్చే నెలకి పెట్టి, పేజీ మొత్తం తొలినాళ్ల చర్చిల నేలలకే ఇస్తున్నాను.

ప్రశ్న: మా సంఘం వాళ్లతో కలిసి పవిత్ర భూమి యాత్రకి వెళ్లొచ్చాను. మదబాలో, దాని దగ్గర్లోని నెబో కొండ మీద చర్చిల్లో నేలంతా బొమ్మలే. కొన్నిటి చుట్టూ తాడు కట్టారు, కొన్ని చోట్ల మాత్రం జనం బూట్లతోనే తిరుగుతున్నారు. మా చర్చిలో చెప్పులు బయట విడిచి లోపలికి వెళ్తాం, ఇంట్లో పుస్తకానికి కాలు తగిలితే కళ్లకద్దుకుంటాం. దేవుడి ఇంట్లో బొమ్మల మీద అలా నడవొచ్చా? అవి వేసినవాళ్లకి ఈ సంగతి తోచలేదా?
— ఒక పాఠకురాలు, గ్రీమ్స్‌పేట, చిత్తూరు

అమ్మా, తోచింది. తోచడమే కాదు, చట్టం కూడా చేశారు. క్రీ.శ. 427లో రోమన్ చక్రవర్తి రెండో థియోడోసియస్ ఒక ఆజ్ఞ ఇచ్చాడు. సిలువ గుర్తును నేల మీద ఎవరూ చెక్కకూడదు, గీయకూడదు, నేలలో పరిచిన చలవరాతి మీద కూడా ఉండకూడదు, ఇప్పటికే ఉంటే తీసేయాలి, మాట వినకపోతే శిక్ష తప్పదు అని. మీకు వచ్చిన అనుమానమే 1600 ఏళ్ల కిందట ఆ చక్రవర్తి దర్బారులోనూ వచ్చిందన్నమాట. అయితే ఆజ్ఞ ఇచ్చాక కూడా చాలా ఊళ్లలో నేల మీద సిలువలు వేస్తూనే ఉన్నారు, తవ్వకాల్లో బయటపడుతూనే ఉన్నాయి. వేసినవాళ్లకి భక్తి లేక వేశారని నేను అనుకోను. గడప దగ్గర సిలువ ఉంటే చెడు లోపలికి రాదు అనే నమ్మకం బలంగా ఉండేది, మనం గడపకి పసుపు రాసి బొట్లు పెట్టినట్టే.

ఇంకో సంగతి మీరు గమనించారో లేదో. ఆ నేలల మీద యేసు ప్రభువు రూపం దాదాపు కనిపించదు. చక్రవర్తులు డబ్బు పెట్టి కట్టించిన చర్చిల్లో ప్రభువు, అపొస్తలులు, పరిశుద్ధులు గోడల మీదికి, పైకప్పు గుమ్మటాల్లోకి వెళ్లారు, అక్కడ బంగారు పూత వేసిన గాజు ముక్కలు వాడారు. నేలకి మాత్రం భూమి మీదివే ఇచ్చారు. చెట్లు, చేపలు, ద్రాక్ష తీగలు, వేటగాళ్లు, గొర్రెల కాపరులు, ఊళ్లు, నదులు. మీరు నెబో కొండ మీద చూసిన పెద్ద బొమ్మనే తీసుకోండి. అది 530 ప్రాంతంలో బాప్తిస్మం ఇచ్చే గదికి వేసిన నేల, తర్వాత దాని మీద ఇంకో నేల పరిచేశారు, 1976లో పై నేల లేపితే కింద చెక్కుచెదరకుండా దొరికింది. పై వరసలో చెట్టుకి కట్టేసిన ఎద్దు, దాని మీదికి వచ్చిన సింహం, సింహాన్ని ఎదుర్కొంటున్న కాపరి. ఆ ఎద్దుకి మూపురం ఉంది, అచ్చం మన వైపు ఎద్దే! అట్టడుగు వరసలో ఒక మనిషి నిప్పుకోడిని తాడు పట్టుకుని నడిపిస్తుంటాడు. ఇందులో పాదం పడితే పాపం అనిపించేది ఏముంది చెప్పండి. మనమూ అంతే కదా, వాకిట్లో చుక్కల ముగ్గు వేస్తాం, పాలవాడి దగ్గర్నుంచి అందరూ దాని మీదే నడిచి లోపలికి వస్తారు, కానీ అదే ముగ్గులో దేవుడి రూపం గీస్తే మాత్రం అమ్మ "పక్కనుంచి రా" అని కేకేస్తుంది.

పాదం కింద ఉండడం అవమానమే అనుకోనక్కర్లేదు కూడా. మన తిరుమలలో గర్భాలయం ముందున్న మెట్టుని కులశేఖర పడి అంటారు. రాజైన కులశేఖర ఆళ్వారు, నీ గుడి ముందు మెట్టునై పడి ఉండి నీ మోము చూస్తుంటే చాలు, భక్తులు నా మీదుగా నడిచి వెళ్లనీ అని కోరుకున్నాడు, అందుకే ఆ పేరు. ఆ పాత చర్చిల్లోనూ దాతలు తమ పేర్లు గోడ మీద ఎత్తులో రాయించుకోలేదు. ప్రార్థనకి వచ్చేవాళ్ల అడుగులు పడే చోటే రాయించుకున్నారు. మీరు నడిస్తే వాళ్లు నొచ్చుకునేవాళ్లు కాదమ్మా. ఇప్పుడు తాడు కట్టింది పవిత్రత కోసం కాదు, రాయి అరిగిపోతుందని. తాడు ఉన్నచోట దయచేసి దాటొద్దు.

ప్రశ్న: నేను నలభై ఏళ్లుగా బేల్దారి పని చేస్తున్నాను. 80ల్లో తిరుపతిలో ఎన్నో ఇళ్లకి మొజాయిక్ గచ్చు వేశాం. మీరు రాసిన మొజాయిక్, మేం వేసింది ఒకటేనా?
— ఒక మేస్త్రి, కొర్లగుంట, తిరుపతి

అన్నా, పేరొకటే, పని వేరు. మీరు వేసింది రాతి చిప్స్‌ని సిమెంట్‌లో కలిపి పరిచి, ఆరాక పాలిష్ మిషన్‌తో రోజుల తరబడి నీళ్లు పోస్తూ అరగదీసేది. చిప్ ఎక్కడ పడితే అక్కడే, దానికి బొమ్మ తెలియదు. వాళ్లది ప్రతి పలుకూ, అంటే ప్రతి చిన్న రాతి ముక్కా, చేత్తో పెట్టింది. నిజానికి ఇప్పుడు మిద్దె మీద ఎండ తగలకుండా, నీళ్లు దిగకుండా పగిలిన తెల్ల టైల్ ముక్కలు ఒక్కొక్కటీ అతికిస్తారు చూడండి, పద్ధతిలో అది దానికి దగ్గర.

మీరు పనివాళ్లు కాబట్టి కాస్త వివరంగా చెబుతాను. రోమన్ కాలపు వాస్తుకారుడు విట్రూవియస్ నేల ఎలా వేయాలో రాసి పెట్టాడు. ముందు భూమిని దిమ్మిస కొట్టి గట్టిపరచాలి. దాని మీద పిడికిలికి తగ్గని రాళ్లు పరవాలి. దాని మీద కంకర, సున్నం కలిపి, మూడు పాళ్లకి ఒక పాలు సున్నం, బాగా దిమ్మిస వేయాలి. ఆ పైన దంచిన ఇటుక మూడు పాళ్లు, సున్నం ఒక పాలు, ఆరు వేళ్ల మందానికి తగ్గకుండా. ఇటుకపొడి సున్నం అంటే మన పాత మేస్త్రీలు వాడిన సుర్కీయే. అప్పుడు మెత్తటి సున్నపు పూత వేసి, అది తడిగా ఉండగానే పలుకులు గుచ్చాలి. తడి ఆరిపోయేలోపు ఎంత పూర్తవుతుందో అంతే పూత వేసుకోవాలి, ఆ అంచనా చేతికి రావాలంటే ఎన్నేళ్లు పడుతుందో మీకంటే నాకేం తెలుసు.

పలుకు సుమారు ఒక సెంటీమీటరు ఉంటుంది. అంటే చదరపు మీటరుకి దగ్గర దగ్గర పదివేలు! ముఖాలు, కళ్లు వచ్చేచోట ఇంకా చిన్నవి. నిలబెట్టిన ఉలి అంచు మీద రాయి ఆనించి పైనుంచి సుత్తితో ఒక్క దెబ్బ, అలా ఒక్కొక్కటీ కొట్టాలి. ఎక్కువగా వాడింది సున్నపురాయి జాతి, తెలుపు, గులాబీ, ఎరుపు, పసుపు రంగుల్లో దగ్గరలోనే దొరికేది. నల్లటి దానికి కొన్నిచోట్ల బసాల్ట్ అనే అగ్నిపర్వతపు రాయి. రాయిలో దొరకని నీలం, పచ్చ కావాలంటే గాజు. మన చిత్తూరు, కుప్పం గ్రానైట్‌తో ఈ పని చేయాలంటే చేతులు పడిపోతాయి, అంత గట్టి రాయి. కడప బండ అయితే కుదురుతుంది, అదీ సున్నపురాయి జాతే.

ఇంకో మాట మీకు తప్పక చెప్పాలి. మొన్నటి తరంలో ఇలాంటి నేలల్ని కాపాడదామని పైకి లేపి, ఇనుప కడ్డీలు వేసిన కాంక్రీట్ పలకల మీద అతికించారు. అప్పుడు అదే గొప్ప పద్ధతి అనుకున్నారు. తేమ తగిలి లోపల కడ్డీ తుప్పు పట్టి ఉబ్బి, కాంక్రీట్ పగిలి, దాంతో పాటు పైనున్న పలుకులూ లేచిపోయాయి. ఇప్పుడు ఆ కాంక్రీట్‌ని ఓపికగా గీకి తీసేసి మళ్లీ సున్నంతోనే అతికిస్తున్నారు. పాత పనికి పాత సరుకే సరిపోతుందని మీరు ఎన్ని ఇళ్ల యజమానులకి చెప్పి ఉంటారో!

ప్రశ్న: ఇలాంటి చర్చి నేలల్లో అన్నిటికంటే పాతది ఏది? పోటీ పరీక్షలకి పనికొస్తుందని అడుగుతున్నాను.
— ఎం.ఎ. విద్యార్థి, తిరుపతి

తమ్ముడూ, ఇప్పటివరకు దొరికిన వాటిలో చాలా పాతది ఇజ్రాయెల్‌లోని మెగిద్దో దగ్గర 2005లో బయటపడింది. దొరికింది ఎక్కడో తెలుసా, ఒక జైలు ఆవరణలో. కొత్త కట్టడం కోసం తవ్వుతుంటే, ఖైదీలు కూడా పని చేస్తుంటే కనిపించింది. మూడో శతాబ్దానిది. అంటే 313లో రోమన్ రాజ్యం క్రైస్తవులకి స్వేచ్ఛ ఇవ్వడానికి ముందు మాట, ఇంకా భయంభయంగా ప్రార్థన చేసుకునే రోజులు. మధ్యలో రెండు చేపలు. పక్కన గ్రీకులో మూడు రాతలు. ఒకదానిలో గయానస్ అనే రోమన్ సైనికాధికారి, శతాధిపతి, "మా సోదరుడు", తన సొంత డబ్బుతో ఈ నేల వేయించాడనీ, పని చేసింది బ్రూటియస్ అనీ ఉంది. ఇంకోదానిలో అకెప్టౌస్ అనే స్త్రీ దేవుడైన యేసుక్రీస్తుకి ఈ బల్లను జ్ఞాపకంగా సమర్పించిందని ఉంది. మూడోదానిలో నలుగురు స్త్రీలను తలుచుకోమని వాళ్ల పేర్లున్నాయి. పరీక్షకి సంవత్సరం, ఊరి పేరు చాలు. కానీ ఆ బ్రూటియస్ పేరు కూడా గుర్తు పెట్టుకోమని అడుగుతున్నాను. డబ్బిచ్చినవాడి పేరు రాసిన రాయి మన ఊళ్లలో ప్రతి గుడికీ, ప్రతి చర్చికీ ఉంటుంది, బేల్దారి పేరు ఎక్కడ ఉంటుంది?

పేరే వద్దన్న దాతలూ ఉన్నారు. పాలస్తీనా, జోర్డాన్ వైపు నేలల మీద తరచుగా కనిపించే మాట ఒకటుంది: "వీరి పేర్లు ప్రభువుకి తెలుసు." అంతే. దాన్ని మొదటిసారి చదివినప్పుడు నేను చాలాసేపు పేజీ తిప్పలేకపోయాను.

ప్రశ్న: మదబా పటంలో ఏమేం ఉన్నాయి? ఆదివారం బడి పిల్లలకి చెప్పాలి.
— ఒక టీచరమ్మ, పుత్తూరు

పిల్లలకైతే చేపతో మొదలుపెట్టండి మేడమ్. యొర్దాను నది కిందికి పారి మృత సముద్రంలో కలిసే చోట ఒక చేప వెనక్కి తిరిగి ఎగువకి ఈదుతూ ఉంటుంది. మృత సముద్రం ఉప్పు కషాయం, అందులోకి వెళ్తే చచ్చిపోతుంది, ఆ సంగతి చేపకి తెలుసు! ఒక్క చేపతో భూగోళ పాఠం చెప్పేశాడు ఆ పనివాడు. యెరికో దగ్గర ఖర్జూరపు చెట్లు. యెరూషలేము మాత్రం పెద్దగా, కోడిగుడ్డు ఆకారంలో, ప్రాకారం, గుమ్మాలు, మధ్యలో స్తంభాల వరసలతో రాజవీధి, అన్నీ పైనుంచి చూసినట్టుగా ఉంటాయి. ఉత్తర గుమ్మం లోపల ఒక ఒంటి స్తంభం వేశారు. ఆ స్తంభం ఎప్పుడో పోయింది, కానీ ఆ గుమ్మాన్ని అరబ్బీలో ఈనాటికీ స్తంభపు గుమ్మం అనే అంటారు.

మన పటాల్లో పైన ఉత్తరం ఉంటుంది, దీనిలో పైన తూర్పు. చర్చి కూడా తూర్పు ముఖమే కాబట్టి, పటం ముందు నిలబడితే ఏ ఊరు ఎటు ఉందో నిజంగా అటే ఉంటుంది. 542లో ప్రతిష్ఠ జరిగిన ఒక పెద్ద చర్చి ఇందులో ఉంది, అందువల్ల పటం ఆ తర్వాతే వేశారని తేల్చారు. మొత్తం ఇరవై లక్షలకు పైగా పలుకులు పట్టి ఉంటాయని అంచనా. 1880ల్లో పాత చర్చి శిథిలాల మీద కొత్తది కట్టేటప్పుడు బయటపడింది, ఆ కట్టడంలోనే కొంత పాడైంది కూడా. మిగిలిందే ఇప్పుడు చూస్తున్నాం.

ప్రశ్న: మేం కలంకారీ వేస్తాం. మీరు వేసిన ఫొటోలో తీగలు, నెమలి, పక్షులు చూస్తే మా బట్టల అంచుల్లాగే ఉన్నాయి. చర్చిలో నెమలి ఎందుకు?
— శ్రీకాళహస్తి నుంచి ఒక కళాకారిణి

మీ కన్ను సరిగ్గా పట్టుకుందమ్మా. ఒక కుండలోంచి ద్రాక్ష తీగ పైకి లేచి, మెలికలు తిరుగుతూ నేలంతా పరుచుకుని, ప్రతి మెలికలో ఒక పక్షో, కుందేలో, పళ్లు కోసే మనిషో ఉండడం, ఆ కాలంలో అక్కడ బాగా నడిచిన పద్ధతి. చర్చిల కంటే ముందే ధనవంతుల ఇళ్లలో, స్నానశాలల్లో అవే తీగలు వేసేవాళ్లు. నమూనాలు అవే, గిరాకీ మారింది. కానీ చర్చిలోకి వచ్చేసరికి అర్థం మారింది. "నేను ద్రాక్షావల్లిని" అన్న ప్రభువు మాట తెలిసినవాళ్లకి అది వట్టి తీగ కాదు. నెమలి మాంసం కుళ్లదని ఆ రోజుల్లో నమ్మకం, అగస్టీన్ అంతటి పెద్ద క్రైస్తవ గురువు దాని గురించి రాశాడు, అందుకని నెమలి నిత్యజీవానికి గుర్తయింది. బాప్తిస్మం తొట్టి దగ్గర నీళ్లు తాగే దుప్పులు కనిపిస్తే, "దుప్పి నీటివాగులకొరకు ఆశపడునట్లు" అన్న కీర్తన గుర్తు చేసుకోండి. మీరు చింతపండు, కరక్కాయ వాసనల మధ్య నెమలి గీసేటప్పుడు మీకొక అర్థం ఉంటుంది కదా, వాళ్లకీ ఒకటి ఉంది.

ప్రశ్న: కొన్ని ఫొటోల్లో జంతువుల, మనుషుల ముఖాలు చెదిరిపోయి ఉన్నాయి. శత్రువులు పగలగొట్టారా?
— మదనపల్లె పాఠకుడు

చాలామంది అలాగే అనుకుంటారు, కానీ దగ్గరగా చూస్తే అలా అనిపించదు. జోర్డాన్‌లో ఉమ్ అర్ రసాస్ అనే చోట పరిశుద్ధ స్తెఫను చర్చి ఉంది, నేల ఎనిమిదో శతాబ్దానిది. చుట్టూ అంచులో ఊళ్ల బొమ్మలు చక్కగా ఉన్నాయి, మధ్యలో మనుషులూ జంతువులూ మాత్రం చెదిరిపోయారు. ఎలా చెదిరారు అన్నదే ముఖ్యం. పలుకుల్ని జాగ్రత్తగా పైకి తీసి, కలిపేసి, మళ్లీ అదే చోట అమర్చారు. గునపంతో వచ్చినవాడు గుంట వదిలిపోతాడు గానీ కూర్చుని పూడ్చడు. అంటే ఆ చర్చి వాడుకుంటున్నవాళ్లే చేయించుకున్నారు. ప్రాణమున్న వాటి రూపాలు ప్రార్థనాస్థలంలో ఉండకూడదన్న ఆలోచన అప్పుడు ఆ ప్రాంతమంతా ఉంది, ముస్లిం పాలనలో ఉన్న రోజులవి, దానికి తగ్గట్టు సర్దుకుని అదే చర్చిలో ప్రార్థన కొనసాగించారు. మయిన్ అనే ఊళ్లో ఒక ఎద్దు బొమ్మ తీసేసి చెట్టు పెట్టారు. చెట్టు పక్కన ఎద్దు గిట్టలు, తోక ఇంకా కనిపిస్తాయి. తీసినవాడికి చేతులు రాలేదేమో అని నాకనిపిస్తుంది.

ప్రశ్న: మా నాన్న 1978లో ఇల్లు కట్టించి మొజాయిక్ వేయించారు. గడప దగ్గర నల్ల చిప్స్‌తో 1978 అని అంకెలు కూడా ఉన్నాయి. ఇప్పుడు మా అబ్బాయి అంతా పగలగొట్టి విట్రిఫైడ్ టైల్స్ వేద్దామంటున్నాడు. నాకు మనసొప్పడం లేదు, ఇంట్లో రోజూ ఇదే టెన్షన్. ఏం చేయమంటారు?
— బైరాగిపట్టెడ, తిరుపతి

అమ్మా, అబ్బాయిని కాదనొద్దు, కానీ పగలగొట్టనివ్వొద్దు. ఇటలీలో అక్విలేయా అనే ఊరి చర్చిలో నాలుగో శతాబ్దపు నేల ఒకటుంది, సుమారు 760 చదరపు మీటర్లు, అందులో యోనాని మింగే సముద్రపు జంతువు నుంచి కోడిపుంజు, తాబేలు పోట్లాట దాకా ఉన్నాయి. 11వ శతాబ్దంలో చర్చిని కొత్తగా కట్టినప్పుడు దాన్ని పగలగొట్టలేదు, దాని మీదే కొత్త నేల వేసేశారు. 1909లో పై నేల తీస్తే కింద అది అలాగే ఉంది. బెత్లెహేములో ప్రభువు పుట్టిన చోట కట్టిన చర్చిలో కూడా ఇప్పుడు నడిచే బండల కింద పాత మొజాయిక్ ఉంది, అక్కడక్కడ చెక్క తలుపులు పెట్టారు, ఎత్తి చూడొచ్చు.

మీ గచ్చు గట్టిగా ఉంటే, ఎక్కడా బోలు శబ్దం రాకుంటే, దాని మీదే అంటు వేసి టైల్స్ పరవొచ్చు. నేల కొంచెం లేస్తుంది, తలుపులు కింద అరంగుళం కోయించాల్సి వస్తుంది, ఆ ఖర్చు ముందే లెక్కేసుకోండి. టైల్స్ వేసే అబ్బాయి వచ్చిన మొదటి రోజే గడప దగ్గర కూర్చోబెట్టి చూపించండి, ఆ నాలుగు అంకెల చుట్టూ జానెడు జాగా వదిలేసి మొదలుపెట్టమనండి.